అదనపు ఊపిరి

ఆసుపత్రిలో కొత్తగా కట్టిన పిల్లల వార్డులో మొదటి మంచం సిద్ధమవుతోంది. ఊపిరి యంత్రం మీదే బతుకుతున్న నాలుగేళ్ల పాపను అంబులెన్స్‌లో తెస్తున్నారు. ఊరంతా వెతికినా ఖాళీగా ఉన్న యంత్రం ఈ మంచం పక్కనున్నదొక్కటే. దాన్ని పరీక్షిస్తున్న టెక్నీషియన్‌కి పెళ్లయి పదకొండు రోజులు. సంతోషంతో కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"ఇంకా రావేంటి ఇంజనీరమ్మా?" అన్నాడు మొగుడు ఫోన్లో.

"ఈ రాత్రి నా మొదటి పాప వస్తోందండీ!"

"పదకొండు రోజులకేనా!"

పకపకా నవ్వి, ఫోన్ పెట్టేసి, పరీక్ష కోసం ఊపిరితిత్తికి బదులుగా మంచం మీద రబ్బరు సంచి పెట్టి యంత్రం గొట్టానికి తగిలించింది. నిమిషానికి ఇరవై సార్లు ఊదేలా యంత్రాన్ని అమర్చింది. సంచి బుజ్జిపొట్టలా ఉబ్బి తగ్గుతుంటే ఎంత ముద్దొచ్చిందో! తెర మీద మాత్రం ఇరవై ఆరు అని పడింది. ఎక్కువైన ఆ ఆరూ రోగి సొంతంగా తీసుకున్న ఊపిర్లట.

గొట్టంలోంచి గాలి పోయినా, లోపల నీటిచుక్క ఉన్నా ఇలా లెక్క తప్పుతుంది. వెతికితే రెండూ లేవు. గొట్టం మార్చింది. అంకె ముప్పై అయింది.

యంత్రాన్ని ఆపేసింది. తెర నల్లబడి, గది నిశ్శబ్దమైంది. సంచి మెల్లగా ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బసాగింది.

నర్సు తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చింది. "పాప వచ్చేసింది తల్లీ, లిఫ్టులో ఉంది! మంచం ఖాళీయేగా?"

టెక్నీషియన్ నోరు తెరిచింది. జవాబు వినడానికన్నట్టు, సంచి ఉబ్బింది ఉబ్బినట్టే ఆగిపోయింది.