చేతులు కట్టేసిన రాక్షసుడు

ఏడాదికోసారి మా ఇంటికి ఆటబల్ల వస్తుంది. అది రాజుల కథో రాక్షసుల కథో చెబుతూ, మధ్యలో ఆపి, నువ్వైతే ఏం చేస్తావని పెద్దవాళ్లను అడుగుతుంది. జవాబులను బట్టి వాళ్లు మంచివాళ్లో కాదో తేలుస్తుంది. దాని మీది దీపం ఎర్రగా వెలిగితే ఆ ఇంట్లో పిల్లల్ని వేరే ఇంటికి పంపేస్తారు. మా క్లాసు అన్విత అలాగే వెళ్లిపోయింది.

నాకున్నది నాయనమ్మ ఒక్కతే. అందుకని నెల రోజులుగా గైడు పట్టుకుని ఆమెకు బట్టీ పట్టించాను. ఆకలన్నవాడికి రొట్టె పెట్టాలి. చేతులు కట్టేసిన శత్రువును ఏమీ చెయ్యకూడదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఆమె అన్నీ తప్పులేకుండా అప్పజెప్పింది.

ఈ రోజు ఆటలో నాయనమ్మ రొట్టె పెట్టింది. దీపం ఆకుపచ్చగా వెలిగింది. తర్వాత చేతులు కట్టేసిన రాక్షసుడు వచ్చాడు. ఒక పిల్లను ఎత్తుకెళ్లి దాచాడట, ఎక్కడో చెప్పడట.

బల్ల వింటుందని నోరెత్తకుండా నాయనమ్మ కాలు తొక్కాను. ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

“పిల్లనెత్తుకపోయినోన్ని ఊకె ఇడిశిపెడ్తనా? చెప్పేదాంక ఒక్కొక్క వేలు నరుకుత,” అంది.

దీపం ఎర్రబడింది. ఆడినందుకు ధన్యవాదాలు చెప్పి, నా బట్టలు సర్ది ఉంచమంది బల్ల.

నాయనమ్మ అది విననే లేదు. బల్ల మీదికి వంగి అడుగుతోంది.

“అవన్నీ తర్వాత. ఆ పిల్ల దొరికిందా లేదా, ముందుగాల అది చెప్పు.”