పట్టా కప్పిన గోడ

ముసునూరు మామిడితోటలో కొత్తగా కట్టిన గెస్ట్‌హౌస్ గోడ, చెట్ల వైపు పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరిగింది.

"పూతకి పురుగుమందు కొట్టేటప్పుడు గాలివాటం చూసుకోవద్దా చిన్నయ్యా?" అన్నారు తోట యజమాని బసవపున్నారావు. "ఈ కొత్తరకం ఇటుకల్లో కావాలనే పెంచిన నాచు ప్రాణంతో ఉంటుంది. గాల్లో కార్బన్ పీల్చుకుని పెరుగుతుంది. మొన్న నీ మందు తగిలేసరికి చచ్చింది."

"ఒక్కసారికేనాండీ?"

"ఒక్కసారికే. ఊపిరి పీల్చేదాని మీద విషం పడితే బతుకుతుందా?"

రెండో విడత మందు రోజున ఆయన దగ్గరుండి, మిగిలిన గోడంతా టార్పాలిన్ పట్టా కప్పించారు. అంచులు సందు లేకుండా తాళ్లతో బిగించింది చిన్నయ్యే.

"ఇక కొట్టు," అంటూ ఆయన కారెక్కి అద్దాలు ఎత్తేసుకున్నారు.

ఇరవయ్యేళ్లుగా కట్టుకుంటున్నట్టే తువ్వాలు ముక్కుకు చుట్టుకుని, చిన్నయ్య పూత మీదికి గొట్టం ఎత్తాడు.