జానెడు నీళ్ళు

"దిగలేదు," అన్నాడు రవిబాబు ఊటగుంటలోకి వంగి చూస్తూ. "నిన్న ఎంతో, ఇవాళా అంతే."

కృపావతికి ఒళ్ళు మండింది. అతన్ని పక్కకి తోసినంత పని చేసి తనూ వంగింది. రాతి మీద గీసిన గీతని ఆనుకుని నీళ్ళు నిండుగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. పన్నెండు రోజులుగా కొండ కింద మోటారు ఏకధాటిగా తోడేస్తోంది. అయినా ఇదీ వరస!

ఈ పరీక్ష ఆమె కోరి తెచ్చుకున్నదే. సీసాల నీళ్ళ కంపెనీవాళ్ళు బోరు దించినప్పుడు బోడిగుడ ఊరంతా అడ్డం కూర్చుంది. ఊరిపెద్ద బుధు అయితే గొడ్డలే తీశాడు. పోలీసులొస్తే ఏమవుతుందో తెలిసిన కృపావతే అందరినీ ఆపింది. ఆ ఊళ్ళో టెన్త్ పాసైంది ఆమె ఒక్కతే, బడిలో పంతులమ్మ కూడా ఆమే. పెదబయలు అవతల పిన్ని ఊళ్ళో బోరు పడిన వారానికే ఊట ఎండిపోవడం కళ్ళారా చూసింది. అందుకే కంపెనీ ఇంజనీరు రవిబాబుతో అంత ధీమాగా మాట్లాడింది.

"పదిహేను రోజులు మోటారు నడపండి సార్. ఊట జానెడు దిగిందా, బోరు పూడ్చుకుని పోవాలి. దిగకపోతే గ్రామసభలో మేమే ఒప్పుకుంటాం."

రవిబాబు సరేనని కాగితం రాశాడు. ఆడవాళ్ళంతా ఆ రోజు కాఫీ పళ్ళ కోతకి పోయారు. మగవాళ్ళే వేలిముద్రలు వేసి, ఇళ్ళకెళ్ళి ఒక్క ముక్కే చెప్పారు: పొద్దున్న ఏడింటికి సారు కొలిచేదాకా ఊటలో ఎవరూ చెంబు ముంచకూడదు. ఊరు ఆ మాట తప్పలేదు. గుక్కెడు నీళ్ళు కూడా ముందు ముంచిన మనిషి లేడు.

"మోటారు ఆపేత్తన్నారేమో సూడు పంతులమ్మా," అన్నాడు బుధు ఆమె చెవి దగ్గర.

"నానక్కడే ఉంటన్నాను కదా మావా. ఒక్క పాలి కూడా ఆగనేదు."

అవును మరి, కంపెనీని నమ్మేదెవరు? మొదటి రోజు నుంచీ ఆమె మకాం కొండ కింద మోటారు షెడ్డు పక్కనే. తిండీ అక్కడే, పిల్లలకి పాఠాలూ అక్కడే. ఆ రొదకి చెవులు గింగురుమంటున్నాయి.

రవిబాబు చెడ్డవాడు కాడు, ఆ మాట చెప్పుకోవాలి. "నా లెక్క ప్రకారం ఐదోనాటికే దిగాలమ్మా," అన్నాడు తల గోక్కుంటూ. "దిగుంటే బోరు వద్దని నేనే రాసేవాణ్ణి. ఈ కొండ కడుపులో ఏముందో నాకూ అంతుబట్టడం లేదు."

ఆ మధ్యాహ్నం బట్టలు మార్చుకోడానికి ఆమె కాఫీ తోటలోంచి ఇంటికి నడిచింది. కోతకొచ్చిన ఆడవాళ్ళు సగంమంది చెట్ల కిందే కునుకు తీస్తున్నారు. డిసెంబరు చలికి ఎవరికి నిద్ర పట్టింది గనక! ఇంటి గడప దగ్గర మామ్మ రాజులమ్మ మెడకి ఇప్పనూనె రాసుకుంటోంది.

"ఏటైంది మామ్మా?"

"ముసిలి మెడ, నొప్పెట్టదేటి? ఊట సంగతి సెప్పు."

"దిగనేదు."

"దిగదే గుంటా!" ముసలామె మొహం వెలిగిపోయింది. "మన తల్లి ఊరిని ఒగ్గేత్తదా?"

కొడుకు ఎలీయేజరు ప్రార్థనలో కలిసి ఇరవై ఏళ్ళయినా, రాజులమ్మ ఊటతల్లిని విడిచిపెట్టలేదు. చర్చికెళ్ళే మనవరాలు ఎగతాళి చేస్తుందని ఆ మొక్కుల సంగతులేవీ ఆమె చెవిన పడనిచ్చేది కాదు. కృపావతి నిజంగానే నవ్వేది కూడా. ఆ పూట మాత్రం నవ్వు రాలేదు. ఊట దిగితేనే మనకి మంచిది అని చెప్పాలనుకుంది. కానీ ఆ నీళ్ళనే తల్లీ అని పిలిచే మనిషితో అంత మాట ఎలా అంటుంది? బట్టలు మార్చుకుని మళ్ళీ మోటారు దగ్గరికి పోయింది.

పదిహేనో రోజు పొద్దున్న ఊళ్ళో మగవాళ్ళంతా గుంట చుట్టూ మూగారు. రవిబాబు రెండుసార్లు వంగి చూశాడు. సంచిలోంచి గ్రామసభ ఒప్పుకోలు కాగితం తీశాడు. బుధు బొటనవేలికి సిరా పూసుకుంటూ కృపావతి వంక చూశాడు. ఆ చూపులో కోపమైనా ఉంటే బాగుండేది. ఆమె అక్కడ నిలబడలేకపోయింది.

ఇంటికొచ్చి మామ్మ ఒళ్ళో తల పెట్టి భోరుమంది. తను నమ్మించిన ఊరు. తను పెట్టించిన షరతు. రేపటి నుంచి ఇంకా పెద్ద మోటార్లు.

"ఊట నిండుగుంది కదే, ఈ ఏడుపేటి?" రాజులమ్మ కంగారుగా ఆమె జుట్టు నిమిరింది.

"ఎందుకు నిండుగుందో తెలక సత్తన్నాను మామ్మా!"

ముసలామె అటూ ఇటూ చూసి, కాస్త సిగ్గుపడుతూనే, కాస్త గర్వంగానూ వంగి మనవరాలి చెవిలో చెప్పింది.

"నవ్వుతావని నీకు సెప్పనేదు గానీ, తల్లి మూడోనాడే నీరసపడిపోనాది. ఆడోళ్ళం సూత్తా ఊరుకుంటామేటి? దినామూ కోడికూతకి కింద పారే గెడ్డలోంచి నీళ్ళు మేమే మోసి గుంటలో పోసినాం."