చందనం పెట్టిన తాళం

గంట మోగింది. తెరుచుకోవాల్సిన తలుపులు మూసుకున్నాయి.

కోయంబత్తూరులో నీళ్ళ పంపులు చేసే కార్ఖానా అది. ఆయుధ పూజ రోజు. లేతు మిషనుకీ, డ్రిల్లుకీ, తూకం కాటాకీ చందనం, కుంకుమ పెట్టారు. పళ్ళెం నిండా కర్పూరం వెలిగించారు. పొగ పైకప్పుకు తగిలింది. మంటలొస్తే మోగే గంట అందుకుంది.

అది మోగితే తలుపులన్నీ వాటంతటవే తెరుచుకోవాలి. కొత్తగా పెట్టించింది అందుకే. ఫోర్‌మన్ నాచిముత్తు వెళ్ళి భుజంతో తోశాడు. కదల్లేదు.

"చెన్నియప్పా, వైర్లు ఎట్లా కలిపినావురా?"

"ఎర్రదీ నల్లదీ అటూ ఇటూ అయినట్టున్నాయన్నా," అన్నాడు ఎలక్ట్రీషియన్ చెన్నియప్పన్. "మోగితే తెరిచేది, మోగితే మూసేదైంది."

"సరే, వేలిముద్ర పెట్టి తియ్యి."

వేలు పెట్టే అద్దం మీద మూడు వేళ్ళ మందాన చందనం. మధ్యలో కుంకుమ బొట్టు. అప్పుడే ఎండిపోయింది కూడా.

"దీనికెవరు పెట్టారు?"

"నేనే," అంది మోటార్లకు తీగ చుట్టే మయిలాత్తాళ్. "అదీ పనిముట్టే కదన్నా. దాన్నొక్కదాన్నే వదిలేస్తే కోపం రాదా?"

"ఇప్పుడు వచ్చింది చూడు."

పంచె అంచుతో రుద్దారు. కొబ్బరినీళ్ళతో కడిగారు. అద్దం లోపలి పచ్చ దీపం కాస్తా ఆరిపోయింది.

చెన్నియప్పన్ స్టూలెక్కాడు. "ఏ వైరు కొయ్యమంటావన్నా?"

"కలిపింది నువ్వు. నన్నడుగుతావేం?"

కోశాడు. ఫ్యాన్లు ఆగిపోయాయి. గంట ఆగలేదు.

నాచిముత్తు గడియారం చూశాడు. పదకొండు గంటలకు ఈ గంటనీ తలుపుల్నీ తనిఖీ చెయ్యడానికి ఇన్‌స్పెక్టరు తిరునావుక్కరసు రావాలి. ఇవాళ ఆయన సర్టిఫికెట్ మీద సంతకం పెట్టకపోతే రేపటి నుంచి పనికి రావద్దని యజమాని చెప్పాడు. నవ్వుతూ చెప్పలేదు.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా ఫోను వచ్చింది.

"నాచిముత్తూ, నేను తిరునావుక్కరసుని. గంట మోగుతోందే?"

"అవును సార్. మీరొచ్చేలోపు మేమే ఒకసారి పరీక్ష చేసుకుంటున్నాం."

"తలుపులు?"

"అన్నీ తెరుచుకున్నాయి సార్. ఒక్క దెబ్బకి."

"మనుషులు?"

"అందరూ బయట ఎండలో వరసగా నిలబడ్డారు సార్."

లోపలున్న ఇరవై ముగ్గురు పనివాళ్ళూ గుగ్గిళ్ళు తినడం ఆపి అతని ముఖం చూశారు.

"ఎండ ఎక్కువగా ఉందన్నా, గొడుగు పట్టనా?" అంది మయిలాత్తాళ్, గొంతు తగ్గించి.

నాచిముత్తు ఆమె వైపు చేయి ఊపి, ఫోను గట్టిగా చెవికి నొక్కుకున్నాడు.

"మీ వైపు కూడా గంట వినబడుతోంది సార్."

"ఆఁ. ఇక్కడా మోగుతోంది."

"పండగ కదా సార్, ఊరంతా గంటలే. ఇంత ఎండలో మీకెందుకు శ్రమ? రేపు నేనే కాగితాలు పట్టుకొని మీ దగ్గరికి వస్తా. ప్రసాదం కూడా తెస్తా."

"ప్రసాదం సరే. లోపల ఎవరూ మిగల్లేదుగా? అదే ముఖ్యం."

"ఒక్కరు కూడా లేరు సార్. గది గదీ తిరిగి నేనే చూశాను. నా పిల్లల మీద ఒట్టు."

అవతల గంట మోగుతూనే ఉంది.

"అయితే నాచిముత్తూ, పదిన్నరకి మీ వాచ్‌మన్ నన్ను కూర్చోబెట్టి పూజకి వెళ్ళిపోయిన ఆఫీసు గది ఉంది చూడు, దాని తలుపు కూడా తెరుచుకుందో లేదో బయటి నుంచి ఒకసారి లాగి చెప్పు."