తొమ్మిదో కొట్టు

సగంరేటు పేరెత్తితే టేపుకి ఒళ్లు మంట.

సగంరేటు అతని భార్య తమ్ముడు. గుండీ కుట్టడం కూడా రాని రోజుల్లో ఈ బావ దగ్గరే పనికి చేరాడు. మిషను తొక్కడం నేర్చుకున్నాడు. మూడేళ్లు తిరిగేసరికి అదే వీధిలో రెడీమేడ్ బట్టల కొట్టు పెట్టి, బావ దగ్గరున్న మంచి పనివాళ్లిద్దర్నీ లాక్కుపోయాడు. ఏది కొన్నా సగం రేటే అని బోర్డు కట్టాడు. ఆ రోజునుంచి జనం అతన్ని సగంరేటు అన్నారు. మెడలో టేపు వేసుకుని గిరాకీ కోసం గుమ్మంలో నిలబడే బావని టేపు అన్నారు.

కొత్త బట్ట కుట్టించుకునేవాళ్లు పోయారు. పాంటు పొట్టి చెయ్యమనీ, జిప్పు మార్చమనీ వచ్చేవాళ్లు మిగిలారు. ఆ పాంట్లూ సగంరేటు కొట్లో కొన్నవే.

ఇప్పుడు సగంరేటు తొమ్మిదో కొట్టు తెరిచాడు. రెండేళ్లలో తొమ్మిది. పదోదానికి బ్యాంకు అప్పు కావాలి. అప్పుకి టేపు పొలం తనఖా కావాలి.

ఆ పొలం ఇరవై ఆరేళ్లు మిషను తొక్కి కొన్నది. టేపు కళ్లు మసకబారుతున్నాయి. సూదిలోకి దారం ఎక్కించడానికి భార్యని కేకెయ్యాల్సి వస్తోంది. మిషను ఆపేసిన రోజున ఇద్దరికీ తిండి పెట్టేది ఆ పొలమొక్కటే. అందుకే సంతకం పెట్టనని నెల రోజులు బిగదీసుకు కూర్చున్నాడు. చివరికి భార్యే, వాడి కొత్త కొట్టు ఒక్కసారి కళ్లతో చూసి రమ్మనీ, చూశాక కూడా కాదంటే ఇక ఆ ఊసెత్తననీ అంది.

వెళ్లాడు. వెనకవైపు మెట్ల కింద బెంచీ మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ మెట్లకేసే చూస్తున్నారు.

పైగదిలో బ్యాంకు మనిషి కాగితాలు పరుచుకుని ఉన్నాడు. సగంరేటు గడ్డం గీసుకుని నాలుగు రోజులై ఉంటుంది. బల్ల మీద ఫోను మోగుతుంటే ఎత్తకుండా బోర్లా తిప్పాడు. టేపుకి అక్కడే కాలు వెనక్కి లాగింది.

“కింద కూర్చున్నవాళ్లెవర్రా?”

“సరుకిచ్చినవాళ్లు బావా. రోజూ వస్తారు, టీ తాగి పోతారు.”

“ఇన్ని కొట్లున్నవాడివి, వాళ్ల డబ్బు వాళ్ల మొహాన కొట్టలేవూ?”

“డబ్బంతా ఇక్కడ పెట్టాను. వచ్చిన సరుకంతా ఇక్కడే దింపాను. డెబ్భై శాతం తగ్గింపు.”

“మరి పాత కొట్లు?”

సగంరేటు నవ్వాడు. అమ్మకం తగ్గిన కొట్టుకి తాళం వేసి అందర్నీ ఇంటికి పంపేస్తానని మేనేజర్లని పిలిచి చెప్పాడట. అంతే, ఆ రోజునుంచి ఎనిమిదింటిలో ఒక్కచోట కూడా అమ్మకం తగ్గలేదట. సరుకు పంపమని అడిగినవాడు కూడా లేడట.

“నా మాట నమ్మొద్దు బావా. నువ్వు దర్జీవి. ఆ కిటికీ అద్దం దగ్గర నిలబడి, కింద కొట్లోకి నీ కళ్లతో నువ్వే చూసుకో.”

టేపు కిటికీ దగ్గరికి వెళ్లాడు. దగ్గర చూపు పోయింది గానీ దూరం చూపు చెక్కుచెదరలేదు. మనిషి నడిచొస్తుంటేనే ఛాతీ ఎంతో, నడుమెంతో చెప్పగలడు.

కింద జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. పుల్లలా ఉన్న ఒకావిడ ఒకే రంగు కుర్తాలు ముప్ఫై ఆరు నుంచి నలభై రెండు దాకా నాలుగు సైజులు తీసింది. వాటిలో ఒక్కటీ ఆవిడకి పట్టదు. ఒకాయన ఒకే రకం పాంట్లు అయిదు నడుములవి చంకన పెట్టుకున్నాడు. బట్ట నలిపి చూసినవాళ్లు లేరు. ఒంటికి ఆనించి చూసుకున్నవాళ్లు లేరు. ట్రయల్ రూముల తలుపులు తీసినవి తీసినట్టే ఉన్నాయి. అక్కడ కాపలా ఉన్న అమ్మాయి గోళ్లు గిల్లుకుంటోంది.

ఇంటిల్లిపాదికీ కొంటున్నారు, అనుకున్నాడు టేపు. ఒంటికి చూసుకునే తీరిక కూడా లేకుండా ఎగబడుతున్నారు. తన గుమ్మం ముందు ఇరవై ఆరేళ్లలో పదిమంది ఒక్కసారి నిలబడిన రోజు లేదు. కడుపు మండింది. ఆ మంటలోనే, ఇన్నాళ్లూ తప్పు తనదేనేమో అనిపించింది. బేరం చెయ్యని జనం, తరగని వరస. ఇక మునిగిపోవడానికి ఏముంది?

“ఎక్కడరా పెట్టాలి?” అన్నాడు.

బ్యాంకు మనిషి వేలుపెట్టి చూపించాడు. కళ్లకి గీత ఆనలేదు. సగంరేటే బావ చెయ్యి పట్టుకుని చోటు చూపించాడు. ఏడుచోట్ల సంతకం పడింది. రెండెకరాల ఇరవై సెంట్లు.

మనసు తేలికపడింది. వెనక మెట్లు కాదని ముందువైపు నుంచి దిగాడు. జన్మలో మొదటిసారి రెడీమేడ్ బట్ట కొనబోయాడు. ఇద్దరల్లుళ్లకీ తనకీ ఒకే రకం చొక్కా మూడు సైజుల్లో తీసుకుని, డబ్బు కట్టే వరసలో అందరితోపాటు నిలబడ్డాడు.

ముందు నిలబడ్డ ఆ పుల్లలాంటి ఆవిడ వెనక్కి తిరిగి, అతని చేతిలో మూడు సైజులూ చూసి, గొంతు తగ్గించి అడిగింది: “మీది ఎన్నో బ్రాంచి అన్నయ్యా, మాది నాలుగోది, ఈ ముందున్నవాళ్లంతా మిగతా ఏడూను, గల్లాలో డబ్బు తెచ్చి ఇక్కడ కొనుక్కెళ్లి తగిలిస్తేగానీ మా కొట్లలో అమ్మడానికి గుడ్డముక్క లేదు.”