శశాంక్ డ్రైవింగు

"ఆ ఆట మీరు ఆపుతారా, నన్ను ఆపమంటారా?"

శశాంక్ తల తిప్పలేదు. కంప్యూటర్ తెర మీద అతని ఎర్ర కారు సిగ్నల్ దాటి, పేవ్‌మెంట్ ఎక్కి, ఓ పండ్ల బండిని గాల్లోకి ఎగరేసి మళ్ళీ రోడ్డున పడింది. వెనకాల పోలీసు కార్లు కుయ్యోమంటూ తరుముతున్నాయి.

"ఐదు నిమిషాలు అమూల్యా. ఈ పోలీసుల్ని వదిలించుకున్నానంటే ఖలాస్, లేచేస్తాను."

"పొద్దున్నుంచీ ఐదు నిమిషాలే అంటున్నారు. అత్తయ్య వీసా అయిపోయింది, రాత్రికి ఫ్లైటు. ఈ పూట తప్పితే ఆవిడకి దుబాయ్ ఇంకెప్పుడు చూపిస్తారు?"

"పోయిన శుక్రవారం అడిగానుగా. తనే రానంది."

అమూల్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. అడిగాడట! మౌస్ మీద చెయ్యి తియ్యకుండా, మెడ సగం తిప్పి "వస్తావా అమ్మా" అంటే ఏ తల్లి వస్తానంటుంది? ఓసారి ఎండగా ఉందంది, ఓసారి మోకాళ్ళు నొప్పులంది, ఇంకోసారి ఏకాదశి అంది. ఆవిడ మొహమాటానికి అలా అనడమేమిటి, బతికిపోయాననుకుని ఈయనగారు మళ్ళీ ఆటలోకి దూరిపోవడమేమిటి? అల్ కుసైస్‌లో ఈ రెండు గదుల ఫ్లాటు, కింద మలయాళీ కొట్టు. బాలత్రిపురసుందరిగారు చూసిన దుబాయ్ ఇంతే. సాయంత్రాలన్నీ కొడుకు వెనక సోఫాలో కూర్చుని, దీపం వత్తులు చేసుకుంటూ గడిపేసింది.

"ఆవిడ రాజమండ్రిలో దిగగానే మీ అక్కయ్యగారు అడిగే మొదటి మాట ఏమిటో తెలుసా? ఏమేం చూశావమ్మా అని. ఏమీ చూడలేదంటారు ఈవిడ. అప్పుడు మాట పడేది మీరా? నేను. అత్తగారిని రెండు నెలలూ వంటింట్లో పడేసి ఉంచింది కోడలని చుట్టాలందరికీ టముకు వేసేస్తారు ఉమామహేశ్వరి వదినగారు."

"మా అక్క అలాంటిది కాదు."

"ఎలాంటిదో నాకు తెలుసులెండి. పోనీ నేనే టాక్సీలో తిప్పుతానంటే, ఇంట్లో కారు పెట్టుకుని టాక్సీ ఏమిటి, నామోషీ అన్నారు. మీరు తీసుకెళ్ళరు, నన్ను తీసుకెళ్ళనివ్వరు. ఆ కారు కొన్నది దేనికి, బేస్‌మెంట్‌లో దుమ్ము కొట్టుకుపోవడానికా?"

"అబ్బా, నస పెట్టకు. వారమంతా ఆఫీసులో మేనేజరు చేత తిట్లు తిని, సెలవని ఉన్న ఒక్క శుక్రవారం కాస్త సరదాగా..."

పుండు మీద కారం చల్లినట్టయింది. సరదాట. తను మాత్రం వారమంతా ఇక్కడ విహారాలు చేస్తున్నట్టు. అమూల్య వంగి, గోడకున్న ప్లగ్గు పీకేసింది.

తెర నల్లబడింది. శశాంక్ కుర్చీని ఒక్క తన్ను తన్ని లేచాడు.

"నీకేమైనా పిచ్చా? సేవ్ చెయ్యలేదు నేను."

"ఆట మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. అత్తయ్యకి ఇంకో వీసా ఎప్పుడు తీస్తారో చెప్పండి."

శశాంక్ మొహం కందగడ్డలా చేసుకుని, గూట్లోంచి కారు తాళాలు లాక్కున్నాడు.

"సరే. యల్లా, పదండి. బర్ దుబాయ్ గుడి, క్రీక్, బుర్జ్ ఖలీఫా, అన్నీ చూపించేస్తాను. కిందికి తీసుకురా అమ్మని. ఆ తర్వాత నా జోలికి రాకు."

తలుపు దభాలున వేసుకుని వెళ్ళిపోయాడు. గోడ మీది క్యాలెండర్ కిందపడింది. పడితే పడనీ అనుకుంది అమూల్య. ఒళ్ళింకా మండుతూనే ఉన్నా, అనుకున్నది సాధించింది కదా. లోపలి గదిలోకి గబగబా నడిచింది.

బాలత్రిపురసుందరిగారు మంచం మీద సూట్‌కేసు పెట్టుకుని బట్టలు సర్దుతోంది.

"అత్తయ్యా, అవన్నీ నేను సర్దుతాగానీ, ఆ నీలం పట్టుచీర కట్టుకోండి. మీ అబ్బాయి కారు తీస్తున్నారు. ఊరంతా తిప్పి చూపిస్తారట."

పెద్దావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో చీర మంచం మీద జారవిడిచి, గబగబా హాల్లోకి వెళ్ళి వీధి తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టేసింది. వెనకే వచ్చిన కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"నీకు పుణ్యముంటుంది తల్లీ. నాకు కళ్ళు తిరుగుతున్నాయనో, కడుపులో తిప్పుతోందనో చెప్పి వాణ్ణి పైకి వచ్చెయ్యమను."

అమూల్యకి కళ్ళు చెమ్మగిల్లాయి. మొగుడి మీద మళ్ళీ కోపం ముంచుకొచ్చింది. ఎంత చులకన చేస్తే ఈ మనిషి ఇంతగా ముడుచుకుపోయింది?

"ఆయన అరుపులు పట్టించుకోకండి అత్తయ్యా. కన్నకొడుకు దగ్గర మీకు మొహమాటమేమిటి?"

"మొహమాటం కాదమ్మా, ప్రాణభయం. వచ్చిన రోజున తెలియక ఎక్కాను వాడి కారు. రెండు నెలలుగా వెనకాలే కూర్చుని చూస్తున్నానా? ఎర్ర దీపం దగ్గర ఒక్కనాడు ఆగిన పాపాన పోలేదు. నడిచే జనం మీది నుంచి పోనిచ్చేస్తాడు, పోలీసులు వెంటపడితే నవ్వుతాడు. వాడి మనసు నొప్పించడమెందుకని ఇన్నాళ్ళూ ఏవో వంకలు చెప్పి తప్పించుకున్నాను. పోయే రోజున నన్ను ఎక్కించకే తల్లీ."

"అది... అది ఉత్త ఆట అత్తయ్యా" అంది అమూల్య.

"నా దగ్గర దాస్తావెందుకు? ఇదేమిటమ్మా వీడు చేస్తున్నది అని నేనొచ్చిన రోజే అడిగితే, ఇక్కడ కుడివైపు నడపాలి కదా అత్తయ్యా, అలవాటు కావాలని రోజూ అందులో డ్రైవింగు ప్రాక్టీసు చేస్తారని నువ్వే కదూ చెప్పావు?"