నడిచేవాళ్ల బాట

వాగొడ్డు మెట్టలో కాపురాలు పెరిగిపోయాయి. బొరియ పక్కన బొరియ, గూటి పక్కన గూడు. నీళ్లకు పోయే దారి మాత్రం ఒక్కటే, అది దున్నల దారి. అడవికోడి పిల్లలు రెండు ఆ గిట్టల కిందే నలిగి చచ్చాయి. ఇంకా మూడు మిగిలాయి.

కోడి పంచాయితీకి వెళ్లి మొత్తుకుంది. పెద్ద దున్నపోతు మనసు కరిగింది. "నడిచేవాళ్లకు వేరే బాట వేయిద్దాం" అంది. కోతి కొమ్మ దిగకుండానే కొలతలు తీసింది. కుందేళ్లు ముళ్లు ఏరి ఇసుక పరిచాయి. నెల తిరగకుండా బాట తయారైంది. దండ వేయించుకుని దాన్ని ప్రారంభించింది కూడా పెద్ద దున్నపోతే.

మర్నాడు కోడి పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. బాట పొడుగునా దున్నలు పడుకుని నెమరేస్తున్నాయి.

"పెద్దయ్యా, ఇది మా నడకకు వేసింది కదా?"

"కాదని ఎవరన్నారమ్మా? ఇసుక మెత్తగా ఉందని కాసేపు నడుం వాల్చాం. పక్కనించి పో."

"పక్కనంతా ముళ్లే."

"చూశారా! బాట లేనప్పుడు నోరు మూసుకుని నడిచింది. వేశాక నడక కూడా చేతకావట్లేదు!" అని ఒక బర్రె నవ్వింది.

కోడి తల తిప్పి చూసింది. దున్నల దారి ఖాళీగా ఉంది. పిల్లల్ని ఆ దారి నడిమధ్యనే నిదానంగా నడిపించుకుపోయింది.

సాయంత్రం పంచాయితీలో పెద్ద దున్నపోతు మండిపడింది. "ఇంత కష్టపడి బాట వేయిస్తే, పోయి పోయి మా దారిలో నడుస్తారా? వీళ్లకు బుద్ధి ఎప్పుడొస్తుంది?"

తలలన్నీ ఊగాయి. కోడి రెక్కల కింద మూడు పిల్లలూ వెచ్చగా కదిలాయి.